ఊరుకుంటే ఆగిపోయేది

గోడ గడియారంలో తొమ్మిది నలభై. కంప్యూటర్ తెర మూలన ఉన్న గడియారంలో ఇంకా తొమ్మిదీ పన్నెండే.

2016 అక్టోబరు 8, శనివారం రాత్రి. నెల్లూరు ట్రంకు రోడ్డుకు ఆనుకున్న ఒక సందులో, షట్టరు సగానికి దించిన డీటీపీ షాపు. మూడు రోజుల్లో దసరా. దాని వెనకే స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. కరపత్రాలు, ఫ్లెక్సీలు, స్వాగత తోరణాలు... ఆ వారం ఊళ్లో అచ్చుపని చేసేవాళ్లెవరికీ కంటిమీద కునుకుండదు. ఈ షాపులో మాత్రం ముగ్గురు మనుషులు ఒకే తెర వైపు చూస్తూ, చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

తెర మీద సగంలో తెగిన వాక్యం ఉంది. కర్సరు కొట్టుకోవడం లేదు. మౌస్ కదిపితే బాణం కదలడం లేదు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తోంది.

"ఎన్ని పేజీలు పోయినాయి నాయనా?" అని అడిగింది టీచరమ్మ. డెబ్బై దాటిన మనిషి. పల్లెటూరి బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. వాళ్ల ఊరి బడి, చెరువు, కరవు ఏళ్లు, పెళ్లిళ్లు, తనకు గుర్తున్నదంతా మూడు నోటుపుస్తకాల్లో రాసి తెచ్చింది. పుస్తకం వేయించి, సంక్రాంతికి వచ్చే మనవళ్ల చేతిలో పెట్టాలని కోరిక.

"రెండున్నర పేజీలు టీచరమ్మా. సేవ్ కొట్టేలోపలే బిగుసుకపోయింది," అన్నాడు షాపాయన, తప్పు తనదైనట్టు తల దించుకుని.

మూడో మనిషి ఆయన మేనల్లుడు. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దసరా సెలవులకు వచ్చాడు. నెల కిందట ఆ పెట్టెలో పాత విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది అతనే. ఆ రాత్రి ముద్దాయి కూడా అతనే.

"పాతదాంట్లో వైరస్సులుండె, కాదన్ను. కానీ ఇట్టా ఆగిపొయ్యేది కాదు కదరా అబ్బయ్యా," అన్నాడు మామ. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మేనల్లుడికి కొంచెం తేలిగ్గా ఉండేది.

అతను పవర్ బటన్‌ను నొక్కి పట్టుకున్నాడు. ఐదు సెకన్లకు తెర నల్లబడింది. టీచరమ్మ కళ్లజోడు తీసి, నోటుపుస్తకం మళ్లీ రెండు పేజీలు వెనక్కి తిప్పింది.

సీసం అక్షరాల మనిషి

మామ పదిహేనో ఏట ప్రెస్సులో చేరాడు. నెల్లూరుకు అచ్చు కొత్త కాదు. 'జమీన్ రైతు' లాంటి వారపత్రిక వెలువడిన ఊరది. ఎడమ చేతిలో స్టిక్కు, ఎదురుగా ఏటవాలుగా నిలబెట్టిన టైపు కేసులు, గళ్ల నిండా సీసం అక్షరాలు. తెలుగు కంపోజింగంటే మాటలు కాదు. అక్షరాలతో పాటు గుణింతాలు, వత్తులు, ఒక్కొక్కదానికీ ఒక్కో గడి. చూడకుండానే చెయ్యి ఆ గడిలోకి పోవాలి. తిరగేసి ఉన్న అక్షరాన్ని తిన్నగా చదవాలి. ట్రెడిల్ ప్రెస్సు మీద మొదటి కాగితం దిగగానే తప్పెక్కడుందో కన్ను పట్టుకోవాలి. తర్వాత డీటీపీ వచ్చింది. సీసం కాటాకు పోయింది. మామ కేసుల ముందు నుంచి లేచి కీబోర్డు ముందు కూర్చున్నాడు.

అప్పట్నుంచీ ఆయన ప్రపంచం పేజ్‌మేకరు, అను ఫాంట్లు. తెలుగునాట శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, పుస్తకాలు వేలకు వేలు ఆ జంట మీదే నడిచాయి. అందులో ఒక కిటుకుంది. తెర మీద కనిపించేది తెలుగే అయినా, వెనకాల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల గుర్తులే. ఆ ఫాంటు లేని పెట్టెలో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. టీచరమ్మ మనవళ్లు ఫోన్లో చదువుకోవాలంటే యూనికోడ్‌లో ఉండాలి. అక్కడ తెలుగు అక్షరానికి తెలుగు గుర్తే ఉంటుంది. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది, తెలుగుకు అప్పుడే అందులో చోటిచ్చారు. ఫిన్లాండులో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ సంగతి లోకానికి చెప్పింది కూడా ఆ ఏడాదే, ఆగస్టు 25న. పాతికేళ్ల తర్వాత ఆ రెండూ నెల్లూరు సందులో ఒకే పెట్టెలో కలిశాయి.

కలవడానికి కారణం పెన్‌డ్రైవులు. షాపుకు వచ్చే ప్రతి గిరాకీ జేబులో ఒక పెన్‌డ్రైవు, దాంట్లో ఒక వైరస్సు. పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయేవి. పేజ్‌మేకరు ఉన్న పెద్ద మెషీన్‌కు అంటుకుంటే నెల పని గంగలో కలిసేది. అందుకని మేనల్లుడు ఒక ఏర్పాటు చెప్పాడు. పేజ్‌మేకరు మెషీన్‌ను అట్లాగే ఉంచుదాం. మూలనున్న రెండో పెట్టెలో లినక్స్ వేద్దాం. పెన్‌డ్రైవు ఏదైనా ముందు దాంట్లోనే పెట్టాలి, యూనికోడ్ పని దాంట్లోనే చెయ్యాలి. విండోస్ కోసం రాసిన వైరస్సు అక్కడ బతకదు.

వినాయకచవితి వెళ్లాక సెప్టెంబరులో మార్చారు. పదిరోజులకల్లా వైరస్సు మాట లేదు. పదకొండో రోజు భోజనం చేసి వచ్చేసరికి తెర రాయిలా బిగుసుకుని ఉంది.

తలా ఒక వైద్యం

ఆ తర్వాతి రెండు వారాలు ఆ పెట్టెకు జరగని వైద్యం లేదు.

పక్క జిరాక్సు షాపతను వేడన్నాడు. క్యాబినెట్ మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టారు. ఆగింది. ఇంకొకాయన సముద్రపు గాలి, తుప్పు అన్నాడు. ర్యామ్ ఊడదీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చారు. మన ఊళ్లలో కంప్యూటర్ వైద్యానికి ఇది శొంఠి కషాయం లాంటిది. చాలా జబ్బులకు పనిచేస్తుంది కూడా. దీనికి చెయ్యలేదు. తర్వాత ఒక మెకానిక్ వచ్చి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్, హార్డ్‌డిస్కు కేబులు, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత సెల్లు, మూడూ ఒకేసారి మార్చాడు. రెండు రోజులు నడిచింది. మామ సంబరపడి టీ తెప్పించాడు. మూడోరోజు టీ గ్లాసు చేతిలో ఉండగానే ఆగింది.

ఆ రెండు రోజులూ ఎందుకు నడిచిందో చెప్పగలిగే దారి ఇప్పుడు మూసుకుపోయింది. మూడు మందులు కలిపి మింగినవాడికి ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో తెలియదు.

మేనల్లుడు శనాదివారాల్లో వచ్చి తన పద్ధతిలో చూశాడు. ముందు క్యాప్స్‌లాక్ పరీక్ష. తెర ఆగినా సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కర్నెల్ బతికే ఉంటే, క్యాప్స్‌లాక్ నొక్కినప్పుడు కీబోర్డు మీది చిన్న దీపం వెలిగి ఆరుతుంది. అట్లాగైతే జబ్బు తెరదో, గ్రాఫిక్స్ డ్రైవరుదో అనుకోవచ్చు. దీపం కదల్లేదు. తర్వాత లినక్స్‌లో ఆపద్ధర్మంగా ఉండే తాళపుచెవి. ఆల్ట్, సిస్‌రిక్యూ మీటలు నొక్కి పట్టుకుని, నిదానంగా ఒకదాని తర్వాత ఒకటి ఆరు అక్షరాలు కొట్టాలి: ఆర్, ఇ, ఐ, ఎస్, యు, బి. కర్నెల్‌కు కొన ఊపిరి ఉన్నా రాసుకున్నది డిస్కులో భద్రం చేసి, పద్ధతిగా మళ్లీ లేస్తుంది. అదీ వినలేదు. కర్నెల్ తానే ఘోరమైన తప్పు కనిపెట్టి ఆగినప్పుడు కీబోర్డు దీపాలు టపటపా కొట్టుకోవడం కద్దు. అదీ లేదు.

మళ్లీ ఆన్ చేసి, ఆగడానికి ముందు సిస్టమ్ రాసుకున్న లాగ్ తెరిచాడు. తప్పు జరిగితే ఏడుపో మూలుగో అందులో ఉండాలి. చివరి వరుసలో మామూలు మాటే ఉంది. దాని కింద ఖాళీ. వాక్యం మధ్యలో పలక జారవిడిచిన పిల్లాడి రాతలాగుంది.

ఒక రాత్రి మెమరీ పరీక్ష పెట్టి వదిలేశాడు. తెల్లారేదాకా ర్యామ్‌లోని గడి గడినీ తట్టి చూసే ప్రోగ్రాం అది. పొద్దున చూస్తే ఒక్క తప్పూ లేదు. "ర్యామ్ మంచిదే మామా," అని ఆ అనుమానాన్ని కొట్టేసి పక్కన పెట్టాడు. జవాబు ఆ రాత్రే అతని ముందు నిలబడి వెళ్లిపోయింది. గుర్తుపట్టలేదు.

చెప్పి ఆగినది, చెప్పకుండా ఆగినది

శనివారం రాత్రి టీచరమ్మను రిక్షా ఎక్కించి వచ్చాక, మామా అల్లుడూ షాపు మెట్ల మీద కూర్చున్నారు.

"నాకు ఇరవై ఏళ్లప్పుడు శ్రీహరికోటలో కంప్యూటర్ ఆగమని చెప్పిందంట, తెలుసునా?" అన్నాడు మామ.

తెలుసు. 1979 ఆగస్టు 10. అప్పటి నెల్లూరు జిల్లా తీరంలోని శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం. ఎగరడానికి నిమిషాల ముందు, వరుసగా అన్నీ సరిచూసుకుంటున్న కంప్యూటర్, కంట్రోల్ వ్యవస్థలో ఏదో సరిగా లేదంటూ కౌంట్‌డౌన్ ఆపేసింది. పరవాలేదు, నిల్వ ఉన్న ఇంధనం సరిపోతుందని నిపుణులు లెక్కకట్టి చెప్పారు. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి రాకెట్‌ను వదిలారు. రెండో దశ అదుపు తప్పి, అది బంగాళాఖాతంలో పడింది. పత్రికలవాళ్ల ముందు ఆ వైఫల్యాన్ని ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ తన నెత్తినేసుకున్నారు. మరుసటేడు జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాట్లాడమని కలాంను ముందుకు తోశారు. ఈ కథను కలామే చాలా సభల్లో చెప్పారు.

"అది చెప్పి ఆగింది మామా. ఎందుకాగిందో తెర మీద చూపించింది. మనది నోరు మెదపకుండా చస్తుండాది. లాగ్‌లో ఒక్క ముక్క లేదు."

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి లోపలికిపోయి, సొరుగులోంచి పొడవాటి బిల్లుబుక్కు ఒకటి తెచ్చాడు.

"అది రాసుకోకపోతే ఏంది, నేను రాసుండా."

బిల్లుబుక్కు

ఈ కథను ఇన్నేళ్ల తర్వాత తేదీలతో సహా చెప్పుకోగలుగుతున్నామంటే ఆ బిల్లుబుక్కు వల్లే. రసీదు కాగితాల వెనకవైపు, కంపోజిటరు చేతిరాతలో, ఆగిన ప్రతిసారీ ఒక వరుస.

సెప్టెంబరు 24, మధ్యాహ్నం 1-47. భోజనానికి పోయుంటిని.

26, పొద్దున 11-20. శుభలేఖ బేరం, గిరాకీతో మాట్లాడతా ఉంటిని.

29, సాయంత్రం 6-05. టీకి పోయుంటిని. కరెంటు పోలేదు.

అక్టోబరు 1, రాత్రి 8-30. టైపు చేస్తా ఉండగా.

ఇట్లా మొత్తం పద్నాలుగు. చివరిది ఆ రాత్రిదే: 9-12. టీచరమ్మ రాతలో ఒక మాట అర్థంగాక అడుగుతా ఉంటిని.

మేనల్లుడు ఆశ్చర్యపోయాడు. "నువ్వు లేనప్పుడు ఆగితే టైము ఎట్టా తెలిసింది?"

"దాని గడియారం ఆడనే ఆగిపోద్ది కదరా. సచ్చిన టైము అదే చెప్తాది."

చెన్నైలో పెద్ద పెద్ద సర్వర్లు చూసుకునే కుర్రాడికి తట్టని సంగతి. అతను ఫోన్ తీసి ఆ టైములన్నీ ఎక్కించడం మొదలుపెట్టాడు. గంటకొకసారి నడిచే పనేదైనా ఉందా? రోజూ ఒకే వేళకు వచ్చే అప్‌డేటా? టైముకూ టైముకూ పొత్తు కుదరలేదు. అర్ధరాత్రి దాకా చూసి, విసిగి, పడుకున్నాడు.

ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ మామ ఆ బిల్లుబుక్కును గట్టిగా చదివాడు, పాతరోజుల్లో ప్రూఫు చదివినట్టు. ప్రూఫు చదివేవాడు అర్థం కోసం చదవడు. అక్షరం వెంట అక్షరం పోతాడు. అందుకే అర్థం చూసేవాడి కంటికి ఆననివి వాడి కంటికి ఆనతాయి.

"భోజనానికి పోయుంటిని. బేరం మాట్లాడతా ఉంటిని. టీకి పోయుంటిని. బ్యాంకికి పోయుంటిని. ఫోన్‌లో ఉంటిని..." ఆగాడు. "రేయ్, నువ్వు టైములు చూస్తుండావు. పక్కన రాసింది చూడు. పద్నాలుగులో పన్నెండుసార్లు నా చెయ్యి దాని మీద లేదు."

మేనల్లుడి చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉండిపోయింది.

"పని చేసేటప్పుడు బానే ఉండాది. ఊరుకుంటేనే చస్తుండాది."

వేడెక్కి ఆగే మెషీన్ పని ఎక్కువైనప్పుడు ఆగాలి. విద్యుత్తు చాలక ఆగేదీ అంతే. ఇది అడ్డం తిరిగిన జబ్బు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి ఆ మెమరీ పరీక్ష. తెల్లవార్లూ అది ఒక్కసారి కూడా ఆగలేదు. ర్యామ్ బాగుందని మాత్రమే అనుకున్నాడు. ఆ రాత్రంతా దానికి ఊపిరాడని పని ఉందన్న సంగతి పట్టించుకోలేదు.

నాలుగు రాత్రులు

ఈసారి ఏదీ మార్చలేదు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. ముందు అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలి.

ఆదివారం రాత్రి షాపు మూసే ముందు మేనల్లుడు చిన్న ప్రోగ్రాం పెట్టాడు. ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లకూ అంతులేని లెక్క, ఒకటి నుంచి మొదలుపెట్టి ఊరికే కూడుకుంటూ పోవడం.

"దేనికి పనికొస్తాదిరా ఆ లెక్క?"

"దేనికీ పనికిరాదు. దాన్ని కునుకు తీయనీకపోతే చాలు."

సోమవారం పొద్దున షట్టరు ఎత్తేసరికి తెర మీది గడియారమూ గోడ గడియారమూ ఒకే టైము చూపిస్తున్నాయి. సోమవారం రాత్రి లెక్క తీసేసి, ఊరికే వదిలారు. మంగళవారం దసరా పొద్దున, పూజకు పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చిన అత్త ముందు తెర వైపే చూసింది. 11-26 దగ్గర ఆగి ఉంది. ఆ రాత్రి మళ్లీ లెక్క పెట్టారు, నడిచింది. బుధవారం రాత్రి వదిలేశారు, 2-03కి ఆగింది.

బిల్లుబుక్కులో నాలుగు వరుసలు చేరాయి. పని, బతికింది. ఊరక, చచ్చింది. పని, బతికింది. ఊరక, చచ్చింది. నాలుగు రాత్రులతో తిరుగులేని రుజువు కాదు గాని, ఎటు తవ్వాలో చెప్పడానికి సరిపోయింది.

ప్రాసెసర్‌కు పనిలేనప్పుడు కరెంటు మిగల్చడానికి మెట్లు మెట్లుగా నిద్రలోకి దించుతారు. వాటికి సి-స్టేట్‌లని పేరు. సున్నా అంటే మెలకువ. ఒకటి అంటే కుర్చీలో కన్ను మూయడం, పిలిస్తే పలుకుతుంది. ఆరు అంటే గాఢనిద్ర. కోర్ తన దగ్గరున్నదంతా పక్కన దాచిపెట్టి, తనకొచ్చే వోల్టేజీని దాదాపు పూర్తిగా వదిలేస్తుంది. ఎప్పుడు ఏ మెట్టుకు దిగమనాలో నిర్ణయించే పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్‌ది. సిస్టమ్ మారితే పెత్తనం మారుతుంది. ఒకే ఇంట్లో కోడలు మారినట్టు. పొయ్యి అదే, గిన్నెలు అవే, మంట పెట్టే తీరు వేరు.

మామ పెట్టెలో ఉన్నది బే ట్రెయిల్ అని పిలిచే తరం చిప్పు. పది వాట్ల చిన్న చిప్పు, బోర్డుకే అతికించి చవగ్గా వచ్చేది. ఆ తరం మీద లినక్స్ నడిపితే ఉన్నట్టుండి బిగుసుకుపోతోందని 2015 చివర్లోనే కర్నెల్ రాసేవాళ్ల ఫిర్యాదుల చిట్టాలో ఒక నమోదు పడింది. దాని నంబరు 109051. దేశదేశాల వాళ్లు దానికింద తమ తమ పెట్టెల గోడు చేరుస్తూ పోయారు. నిద్రను మొదటి మెట్టు దగ్గరే ఆపేస్తే బతుకుతోందన్నది ఆ నమోదు తలకట్టులోనే ఉంది. చిప్పు చేసినవాళ్లు అచ్చేసిన దోషాల పట్టికలోనూ దీనికి దగ్గరి సంగతి ఒకటి కనిపిస్తుంది.

ఆ సంగతిని మేనల్లుడు మామకు రేషన్ షాపు పెట్టి చెప్పాడు. కీబోర్డు నొక్కినా, మౌస్ కదిపినా, డిస్కు పిలిచినా ప్రాసెసర్ దగ్గరికి ఒక పిలుపు పోతుంది. అది ఆ పని చూసి, 'అయింది, తర్వాతివాళ్లు రండి' అని చెప్పాలి. పిలుపును చూస్తున్న ఆ మధ్యలోనే గాఢనిద్రలోకి జారితే, ఆ 'అయింది' అన్న కబురు బయటికి పోకపోవచ్చు. వెనక క్యూ అంతా నిలబడే ఉంటుంది. డీలరు టోకెన్ చించి, రెండోవాణ్ణి పిలవకుండా కునుకేశాడు. తలుపు కొట్టినా వినపడదు. క్యాప్స్‌లాక్ దీపం వెలగకపోవడం, ఆరు అక్షరాల తాళపుచెవి తిరగకపోవడం, లాగ్‌లో ఏమీ లేకపోవడం, అన్నీ ఒక్కచోటికి వచ్చాయి.

"మరి టైపు చేస్తా ఉండగా రెండుసార్లు ఆగిందే?" మామ ఆ రెండు వరుసల మీద వేలు పెట్టాడు. పన్నెండు కుదిరాయని మిగతా రెండింటినీ వదిలిపెట్టే మనిషి కాదు. ప్రూఫులో ఒక్క అచ్చుతప్పున్నా పేజీ సంతకం కాదు.

"ఒక అక్షరం కొట్టి ఇంకో అక్షరానికి వేలెత్తే లోపల మనకు రెప్పపాటు మామా. దానికది మధ్యాహ్నపు నిద్రంత సేపు. ఆ కాస్తలోనే జారుకుంటాది."

మామ తలూపి, ఆ రెండు వరుసల పక్కనా టిక్కు పెట్టాడు.

ఒక్క మాట

గురువారం పొద్దున చేసిన మార్పు ఒక్కటే. సిస్టమ్ లేచేటప్పుడు కర్నెల్‌కు అందించే వరుస చివర, మొదటి మెట్టు దాటి కిందికి దిగొద్దన్న ఆజ్ఞ ఒకటి చేర్చాడు. కొత్త సామాను లేదు, ఫార్మాట్ లేదు, ఖర్చు లేదు. మొదట ఒక్కసారికే చేర్చి చూశాడు, పనిచెయ్యకపోతే మళ్లీ ఆన్ చేస్తే అదే పోతుంది. ఆ రాత్రి పెట్టెను ఊరికే వదిలారు.

శుక్రవారం పొద్దున రెండు గడియారాలూ ఒకటే టైము. ఆ రాత్రీ ఊరికే వదిలారు. శనివారమూ అంతే. అప్పుడు ఆ ఆజ్ఞను శాశ్వతం చేశాడు.

"కరెంటు బిల్లు పెరగదా?" అని అత్త అడిగింది.

"చిప్పు మొత్తం తాగేదే పది వాట్లత్తా. కునుకు పలచనైతే పెరిగేది అందులో పిసరంత. దేవుడి గూట్లో రాత్రంతా వెలిగే బల్బు కన్నా తక్కువే."

మెకానిక్ మార్చిన ఎస్ఎంపీఎస్‌ను మామ తీయించలేదు. "పాపం, వాడూ మంచికే చేసినాడు," అన్నాడు. మేనల్లుడు చెన్నై బస్సెక్కాడు. రొట్టెల పండగకు వచ్చిన జనం ఇంకా ఊళ్లో తిరుగుతున్నారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఎవరి కోరిక రొట్టె వాళ్లు చెరువులో మార్చుకుని పోతున్నారు. టీచరమ్మ షాపుకొచ్చి, ఈసారి కంప్యూటర్ రొట్టె దొరుకుతుందేమో అడిగి వద్దామనుకున్నానని నవ్వింది.

బిల్లుబుక్కును మామ వెంటనే మూసెయ్యలేదు. రోజూ షాపు కట్టేటప్పుడు ఒక వరుస: ఆగలేదు. మరుసటి రోజు: ఆగలేదు. దీపావళి వెళ్లింది. నవంబరు 8 రాత్రి ప్రధాని టీవీలో కనిపించి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. మర్నాటి నుంచి గిరాకీల దగ్గర చిల్లర లేదు, మామ దగ్గరా లేదు. బిల్లుబుక్కు తన అసలు పనికి తిరిగిపోయింది. 'ఆగలేదు' అన్న వరుసల కింద బాకీల వరుసలు మొదలయ్యాయి. వాటి మధ్య టీచరమ్మ పేరూ ఉంది. పుస్తకం పూర్తయింది, డబ్బు సంక్రాంతికి.

ఆ పని ముగిశాక మామ ఒక అట్టముక్క కోసి, ఎర్ర ఇంకు పెన్నుతో నాలుగు వరుసలు రాశాడు. తేదీ. ఏం మార్చామో. ఎందుకు మార్చామో. అది తీసేస్తే ఏమవుతుందో. క్యాబినెట్ మూత లోపలివైపు ఆ ముక్కను అతికించి మూత బిగించాడు. రేపు ఎవడు దాన్ని విప్పినా ముందు వాడి కంటబడాలని.

కొత్త బిల్లుబుక్కు

ఆ పెట్టె ఇప్పుడు లేదు. టీచరమ్మ పుస్తకం ఆమె మనవళ్ల ఫోన్లలో ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్ల గడువు తీరింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ పాత పెట్టెల్లో ఉండవు. బాగా పనిచేసే మెషీన్లను కాటాకు వెయ్యలేని వాళ్లు సిస్టమ్ మార్చుకోవడం గురించి అడుగుతున్నారు. ఆ సందులోనూ అదే మాట.

మామకు ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు. షాపు కొడుకు చూసుకుంటున్నాడు. మొన్న మేనల్లుడు సెలవుకొచ్చి, పెన్‌డ్రైవు జేబులో వేసుకుని షాపులోకి అడుగుపెట్టాడు. రెండు మెషీన్లకు కొత్త సిస్టమ్ ఎక్కించాలి.

మూలన కుర్చీలో కూర్చున్న మామ సొరుగు లాగి, కాగితం వాసన ఇంకా పోని కొత్త బిల్లుబుక్కు ఒకటి తీసి అతని ముందుకు తోశాడు.

"పాతది ఎట్టా నడుస్తుండాదో ముందు ఒక వారం దీంట్లో రాయి అబ్బయ్యా. కొత్తది తర్వాత ఎక్కిద్దువు."